అన్న పేరు మీద

జహీరాబాద్‌లో నర్సింగ్‌ను నర్సింగ్ అని పిలిచేవాళ్లు ఎవరూ లేరు. కంపెనీలో అతను రాజేశ్వర్. అద్దెకున్న వాడకట్టులో రాజేశ్వర్. కిరాణా కొట్టులో, పాలవాడి దగ్గర, ఆఖరికి మంగలి షాపులో కూడా రాజేశ్వరే. అసలు రాజేశ్వర్ అతని సొంత అన్న. ఝరాసంగం అవతల ఊళ్లో వ్యవసాయం చేసుకుంటూ నిక్షేపంగా బతికే ఉన్నాడు.

ఇందులో పెద్ద మాయ ఏమీ లేదు. తొమ్మిదేళ్ల కిందట, ట్రాక్టర్ భాగాలు తయారుచేసే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద మనుషుల్ని తీసుకుంటున్నారని విని నర్సింగ్ గేటు దాకా వెళ్లాడు. పదో తరగతి పాసైన మెమో కావాలన్నారు. నర్సింగ్ పది తప్పినవాడు. రెండోసారి కట్టమని ఇంట్లో ఇచ్చిన పరీక్ష ఫీజును స్నేహితులతో కలిసి బీదర్ చూడ్డానికి ఖర్చుపెట్టిన ఘనుడు. అన్న మాత్రం బుద్ధిగా చదివి పాసయ్యాడు. పాసై ఏం లాభం, నాయన మంచాన పడేసరికి పుస్తకాలు అటక మీద పెట్టి నాగలి పట్టాడు. అప్పటి కాంట్రాక్టర్ ఎవరి కడుపూ కొట్టని మనిషి. “ఇంట్ల ఎవరిదన్న మెమో ఉంటే పట్కరా. మిషన్ కాడ నిలబడేది నువ్వు, మెమో కాదు గదా” అన్నాడు.

ఆ చుట్టుపక్కల అన్న మెమోతో తమ్ముడు, మేనమామ కార్డుతో మేనల్లుడు పనిలో చేరడం కొత్తేమీ కాదు. రాజేశ్వర్ ఒక్క మాట కూడా అడగలేదు. మెమో తీసి దుమ్ము తుడిచి ఇచ్చాడు. ఆధార్ ఇచ్చాడు. బస్సెక్కి వచ్చి తన పేరున బ్యాంకు ఖాతా తెరిచి, ఏటీఎం కార్డు తమ్ముడి చేతిలో పెట్టాడు. “జర పైలంగ పని చెయ్యి” అని చెప్పి, ఎద్దులకు నీళ్లు పెట్టే వేళయిందని వెంటనే వెళ్లిపోయాడు.

కంపెనీ గేటు కార్డు మీద ఫొటో నర్సింగ్‌ది, పేరు రాజేశ్వర్‌ది. మొదట్లో ఎవరైనా రాజేశ్వర్ అని కేకేస్తే పలకడానికి కాస్త ఆలస్యమయ్యేది. ఆరునెలల్లో అలవాటైంది. తోటి పనివాళ్లు ఆ పేరే పిలుస్తారు కాబట్టి ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు కూడా అదే చెప్పాడు. భార్య నాగరాణి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే మనిషి కాదు కాబట్టి ఇంట్లో గొడవ రాలేదు. అన్నతోనే చిక్కొచ్చింది. అన్న వాడకట్టులోకి వస్తే ఎవరో ఒకరు పేరు అడుగుతారు. ఒకే తల్లి కడుపున ఇద్దరు రాజేశ్వర్లు ఎలా పుట్టారంటే ఏం చెప్పాలి. అందుకని రాజేశ్వర్ ఎప్పుడు పట్నం వచ్చినా నర్సింగే బస్టాండుకు ఎదురెళ్లేవాడు. అక్కడే హోటల్లో చాయ్ తాగించి, రెండు సమోసాలు తినిపించి, కబుర్లు చెప్పి, తిరుగు ఆటో ఎక్కించేవాడు. అన్న తెచ్చిన జొన్నపిండి, కందిపప్పు సంచి మాత్రం ఇంటికి చేరేది. తమ్ముడి ఇల్లు ఏ గల్లీలో ఉందో కూడా రాజేశ్వర్‌కు తెలియదు. ఎందుకు పిలవడం లేదో ఆయనకు తెలుసు, అందుకే ఎన్నడూ అడగలేదు. అడగడని నర్సింగ్‌కూ తెలుసు. ఆటో కదిలాక ఒక్క నిమిషం సిగ్గుతో ఒళ్లు చచ్చిపోయేది అతనికి. కానీ షిఫ్టు వేళవుతుందంటూ తనకు తానే సర్ది చెప్పుకునేవాడు.

కరోనా వచ్చాక కంపెనీ మూతపడింది. వేసవి చివర్లో మళ్లీ తెరిచారు కానీ, కాంట్రాక్టు మనుషుల్లో సగం మందిని వద్దన్నారు. ఆ సగంలో నర్సింగ్ ఉన్నాడు. బడి లేదు కాబట్టి కూతురు స్నిగ్ధను రాయికోడ్‌లో అమ్మమ్మ దగ్గరికి పంపారు. నాగరాణి మిషన్ మీద మాస్కులు కుట్టింది. నర్సింగ్ ఒక నెల కూరగాయల బండి తోసి, కొనడానికి వచ్చినవాళ్లందరూ తెలిసినవాళ్లే కావడంతో సిగ్గుపడి మానేశాడు. ఇంటి కిరాయి ఆగిపోయింది. ఇక గది ఖాళీ చేసి, మూట నెత్తిన పెట్టుకుని ఊరికి పోయి అన్న మీద పడడం ఒక్కటే మిగిలింది. పోయినప్పుడల్లా “కంపెనీల పెద్ద మిషన్ మీద జేస్త” అని ఊరంతా చెప్పుకున్న మనిషికి ఆ దారి ఉరితాడులా కనిపించింది.

అట్లాంటి సమయంలో తోటి పనివాడొకడు చెప్పాడు. జీతంలోంచి ఇన్నేళ్లూ బీమా చందా కోసుకున్నారు కదా, పని పోయినవాళ్లకు ఆ బీమా వాళ్లు మూడు నెలలు సగం జీతం ఇస్తున్నారట, అర్జీ పెట్టుకోవాలట. నర్సింగ్‌కు పోయిన ప్రాణం తిరిగొచ్చినంత పనైంది. మర్నాడు పొద్దున్నే వికాస్ ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్లి కూర్చున్నాడు.

అక్కడ మొదలయ్యాయి తిప్పలు. వికాస్ ఆధార్ నంబరు కొట్టగానే ఓటీపీ అన్న ఫోనుకు పోయింది. అన్న చేనులో ఉన్నాడు, అక్కడ సిగ్నల్ ఉండదు. సాయంత్రం ఆయన ఇంటికి చేరి నంబరు చదివి చెప్పేసరికి ఇక్కడ గడువు దాటిపోయింది. మర్నాడు అన్న పని మానుకుని ఊరి బయట సెల్ టవర్ కింద నిలబడ్డాడు. ఈసారి ఓటీపీ అందింది, సర్వర్ పడుకుంది. మూడో రోజు అన్నీ కుదిరి పేజీ తెరుచుకుంటే అందులో రాజేశ్వర్ ఫొటో కనిపించింది. పెద్ద మీసాలతో, తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్న రైతు.

వికాస్ ఆ ఫొటోనూ, ఎదురుగా కూర్చున్న మనిషినీ మార్చి మార్చి చూశాడు. “అన్నా, గిది నువ్వేనా” అన్నాడు.

“పాత ఫొటో తమ్మీ. అప్పుడు మీసం పెంచుతుంటి” అన్నాడు నర్సింగ్. మాస్కు ఉండబట్టి సరిపోయింది. మాస్కు లోపల మొహం కాలిపోయింది.

వికాస్ అర్జీ ఎక్కించి, దాన్ని అచ్చు తీసి ఇచ్చి, ఈ కాగితంతో ఆధార్ పట్టుకుని మనిషి స్వయంగా బీమా ఆఫీసుకు పోయి సంతకం పెట్టాలని చెప్పాడు. మనిషి అంటే ఎవరో చెప్పనక్కర్లేదు. ఆ రాత్రి నర్సింగ్ అన్నకు ఫోన్ చేశాడు. ఎలా అడగాలో తెలియక మొదట వదినె హనుమమ్మ ఆరోగ్యం అడిగాడు, తర్వాత బర్రె ఈనిందా అని అడిగాడు, చివరికి విషయం చెప్పాడు.

“నేనొచ్చి పని పోయిందని చెప్పాలె, అంతే గదా” అన్నాడు రాజేశ్వర్. “సోమారం వస్త.”

సోమవారం పొద్దున బస్టాండులో దిగిన అన్నను చూసి నర్సింగ్ నోరెళ్లబెట్టాడు. ధోవతి లేదు. పెళ్లిళ్లకు తొడిగే ప్యాంటు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, కాళ్లకు ఎవరివో అరువు తెచ్చుకున్న బూట్లు. మీసాలు కత్తిరించాడు. మనిషి ఏదో తక్కువైనట్టు కనిపించాడు.

“మీసం ఎందుకు తీసినవే?”

“కంపెనీల జేసేటోనికి గంత మీసమేందని మీ వదినె అన్నది. మళ్ల వస్తది తియ్.”

హోటల్లో చాయ్ తాగుతూ నర్సింగ్ అన్నకు పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఆఫీసులో, కంపెనీలోని ఏ షాపులో, అంటే ఏ విభాగంలో పనిచేశావని అడగొచ్చు, మిషన్ పేరు అడగొచ్చు. రాజేశ్వర్ రెండు గుక్కలు తాగి ఆపమన్నాడు.

“ప్రెస్ షాపు. రేకును అచ్చుల పెట్టి ఒత్తే మిషన్. రెండు చేతులతోని రెండు బటన్లు ఒక్కసారే ఒత్తాలె, ఒక్క చెయ్యితోని ఒత్తితే నడువది, చెయ్యి లోపల పెట్టకుండ గట్ల చేసిన్రు. మీ సూపర్‌వైజర్ మరాఠాయన, షిఫ్టు మారేటప్పుడు తంబాకు నలుపుతడు. క్యాంటీన్ల శుక్రారం గుడ్డు పెడ్తరు. ఇంకేమన్న ఉన్నదా?”

ఇవన్నీ నర్సింగ్ చెప్పినవే. పండక్కి పోయినప్పుడల్లా అరుగు మీద కూర్చుని గొప్పగా చెప్పినవే. వినేవాళ్లు వింటున్నారో లేదో కూడా చూసుకోకుండా వాగినవే. అన్న అన్నీ విన్నాడు, దాచుకున్నాడు. నర్సింగ్‌కు సంతోషం కలగాల్సింది. ఎందుకో తెలియదు కానీ తల వంచుకుని చాయ్ గ్లాసులోకి చూశాడు.

బీమా ఆఫీసు మేడ మీద ఉంది. బయట వరండాలో దూరం దూరంగా కుర్చీలు వేశారు. పని పోయినవాళ్లందరికీ ఒకే రకం మొహాలు, మాస్కులు మాత్రం వేరు వేరు. తెలిసినవాళ్లెవరూ లేనందుకు నర్సింగ్ ఊపిరి పీల్చుకున్నాడు. చాలాసేపటికి లోపలి నుంచి గొంతు వినిపించింది.

“రాజేశ్వర్.”

నర్సింగ్ చటుక్కున లేచి “ఆ, వస్తున్న సార్” అన్నాడు.

పక్కన అసలు రాజేశ్వర్ కదల్లేదు. పట్నంలో ఆ పేరు తనది కాదన్నట్టే నిమ్మళంగా కూర్చున్నాడు. నర్సింగ్ గుమ్మంలో అడుగు పెట్టాక కానీ చేసిన పని తట్టలేదు. వెనక్కి వచ్చి అన్న రెక్క పట్టుకుని లేపాడు.

లోపల బల్ల వెనక ఉన్నాయన పేరు రామచందర్. యాభై దాటిన మనిషి. కళ్లజోడు పైనుంచి ఇద్దరినీ చూశాడు.

“రాజేశ్వర్ ఎవరు?”

“నేను సారు” అన్నాడు రాజేశ్వర్.

“మరి పిలిస్తే లేచిందెవరు?”

“తమ్ముడు సార్ నేను. అన్నకు జర చెవుడు, అందుకని” అన్నాడు నర్సింగ్. నోటికి వచ్చిన అబద్ధం అది. అన్న చెవులు పామును కూడా పసిగట్టే చెవులు.

రామచందర్ ఆధార్ కార్డు తీసుకుని, ఫొటో చూసి, రాజేశ్వర్‌ను మాస్కు తీయమన్నాడు. చూశాక తల ఊపాడు. కంపెనీ పేరు అడిగాడు, షాపు అడిగాడు, ఏం పని అని అడిగాడు. రాజేశ్వర్ తడుముకోకుండా చెప్పాడు. రెండు చేతుల బటన్ల సంగతి చెబుతుంటే రామచందర్ రాత ఆపి ఆసక్తిగా విన్నాడు. తొమ్మిదేళ్లు మిషన్ ముందు నిలబడ్డ మనిషి కూడా అంత ప్రేమగా దాని గురించి చెప్పడు. నర్సింగ్‌కు ధైర్యం వచ్చింది. గట్టెక్కాం అనుకున్నాడు.

రామచందర్ కాగితాలు తిప్పుతూ, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు నర్సింగ్ వైపు తిరిగాడు.

“నువ్వేం జేస్తవు?”

“సేద్యం సార్” అన్నాడు నర్సింగ్. ఇంకేం అనగలడు. అన్న తనైనప్పుడు తను అన్న కావాలి.

“ఆధార్‌ల చూసిన, ఝరాసంగం దిక్కు గదా. మాది రాయికోడే. మొన్నటి వానలకు మా నాయన చేను మొత్తం చెరువైంది. మీదెట్లుంది?”

ఇది పరీక్ష కాదు. పక్క మండలం మనిషి కనిపిస్తే ఎవరైనా అడిగే మాట. ఆ మాటలో కాస్త దుఃఖం కూడా ఉంది. నర్సింగ్ అది గమనించలేదు. ఏదో ఒకటి చెప్పి బయటపడాలని చూశాడు.

“మాది మంచిగనే ఉంది సార్. ఏం కాలే. పత్తి మస్తుగ వచ్చింది” అన్నాడు.

రామచందర్ పెన్ను పక్కన పెట్టాడు. “ఏం కాలేదా? ఝరాసంగం కాడ మునగని చేను ఉన్నదని ఇయ్యాలనే ఇంటున్న. నీ చేను గుట్ట మీద ఉన్నదా?”

నర్సింగ్ అన్న వైపు చూశాడు. రాజేశ్వర్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. కత్తిరించిన మీసాల కింద పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. అప్పుడు తెలిసింది నర్సింగ్‌కు. వానలు పడ్డాయని తెలుసు. జహీరాబాద్‌లోనూ పడ్డాయి, తన గదిలోనూ నీళ్లు కారాయి, గిన్నెలు పెట్టుకున్నారు. చేను ఏమైందని అడగాలని మాత్రం తోచలేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ ఓటీపీ గురించే మాట్లాడాడు. బర్రె గురించి అడిగింది కూడా అసలు మాటకు దారి కోసమే. అన్న సెల్ టవర్ కింద నిలబడి తనకు అంకెలు చదివి చెప్పిన రోజున, ఆ పక్కనే చేనులో నీళ్లు నిలిచి ఉన్నాయేమో.

“చేనేమైందో నీకు తెల్సా?” రామచందర్ ఈసారి రాజేశ్వర్‌ను అడిగాడు.

మిషన్ గురించి అన్ని అబద్ధాలూ అవలీలగా చెప్పిన మనిషి, చేను గురించి చెప్పలేకపోయాడు. చెప్పడం చేతకాలేదు.

“మేం పత్తి ఎయ్యం సారు” అన్నాడు. “జొన్న, కంది ఏసినం. జొన్న కంకి మీదనే మొలకలొచ్చినయి. కంది వేరు కుళ్లింది. పీకి చూస్తే చేతికొస్తున్నది. ఏం మిగల్లే.”

రామచందర్ అన్న చేతులు చూశాడు, తమ్ముడి చేతులు చూశాడు, తర్వాత తన ముందున్న కాగితం చూశాడు. అర్థమైపోయింది. ఆయనకు అర్థమైందని వాళ్లిద్దరికీ అర్థమైంది. నర్సింగ్‌కు ఆ క్షణంలో అర్జీ పోతుందన్న భయం కన్నా సిగ్గే ఎక్కువైంది. అన్నకు తన మిషన్ బటన్లు తెలుసు. తనకు అన్న చేనులో ఏ పంట ఉందో తెలియదు. బట్టలు లేకుండా బజార్లో నిలబడ్డట్టయింది.

రామచందర్ చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నాడు. ఆయన మంచివాడో, విసిగిపోయినవాడో, తన తండ్రి చేను గుర్తొచ్చిందో చెప్పలేం. చివరికి కాగితం రాజేశ్వర్ వైపు జరిపాడు.

“కట్టిన చందా అయితే కట్టిందే. దాన్ని ఎవరు కాదంటరు” అన్నాడు, ఎవరికీ కాకుండా. తర్వాత గొంతు మార్చి ఆఫీసు మాట మాట్లాడాడు. “రాజేశ్వర్ అనేటాయనకు ఇప్పుడు వేరే బతుకుదెరువు ఏం లేదని ఈ కాగితంల రాసి ఉన్నది. నోటితోని చెప్పు, చెప్పి సంతకం పెట్టు. ఉన్నదా, లేదా?”

“లేదు సారు” అన్నాడు రాజేశ్వర్. “ఏం లేదు.”

అంతకుముందు చెప్పిన జవాబుల్లా గడగడా రాలేదు ఆ మాట. ఆ కాగితంలో ఉన్న మిగతా మాటలన్నీ నర్సింగ్‌వి, అదొక్కటి మాత్రం అన్నదే. అన్న సంతకం పెడుతుంటే నర్సింగ్ గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు.

“పైకి పంపిస్త. పైసలు ఖాతాల పడ్తయి” అన్నాడు రామచందర్. “పడేముందు ఎవరన్న ఎంక్వయిరీకి రావొచ్చు. అర్జీల రాసిన జహీరాబాద్ అడ్రసు కాడికొచ్చి, రాజేశ్వర్ ఈడనే ఉంటడా, పని పోయింది నిజమేనా అని ఇరుగుపొరుగును అడుగుతరు. ఆడ తేడా వస్తే నేనేం జేయలేను. యాదుంచుకోండ్రి.”

ఇద్దరూ మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చారు. అరువు బూట్లు కరిచి రాజేశ్వర్ కుంటుతున్నాడు. సన్నగా తుంపర పడుతోంది.

“అన్నా, ఇంటికి పోదాం పా” అన్నాడు నర్సింగ్.

“ఏ ఇంటికి?”

“మా ఇంటికే. అన్నం తిని పోదువు.”

రాజేశ్వర్ ఆగి తమ్ముడి మొహంలోకి చూశాడు. “ఎందుకురా. ఆటో దొరుకది మళ్ల. ఇంకోసారి వస్త.”

“ఇంకోసారి లేదు. ఇయ్యాలనే రావాలె” అని నర్సింగ్ మొండికేశాడు. దారంతా అతని మనసులో ఒకటే ఉంది. వాడకట్టులో ఎవరు ఎదురైనా సరే, ఎవరేం అడిగినా సరే, ఈయన మా అన్న రాజేశ్వర్, నా పేరు నర్సింగ్ అని చెప్పేయాలి. ఒక్క ముక్క. చెబితే ఏం కొంప మునుగుతుంది. ఆ మాటను లోపల చాలాసార్లు అనుకుని చూశాడు. తన పేరు తన నోటికే కొత్తగా తగిలింది.

ఇంటి యజమానురాలు మనోరమ గేటు దగ్గరే ఉంది. ఆమె ఎప్పుడూ గేటు దగ్గరే ఉంటుంది. ఆమె కొడుకు సచిన్ కంపెనీ కాంట్రాక్టర్ ఆఫీసులో కంప్యూటర్ ముందు పనిచేస్తాడు, కాబట్టి వాడకట్టులో ఎవరి సంగతైనా ఆమె చెవిన పడితే మర్నాటికి కంపెనీలో ఉంటుంది. కిరాయి ఆగినా ఆమె గట్టిగా అడగలేదు, చెడ్డ మనిషి కాదు. తెలుసుకోవాలన్న ఆత్రం ఒక్కటే ఎక్కువ.

“రాజేశ్వర్, ఎవరొచ్చిన్రు?”

“మా అన్న, ఆంటీ.”

“అన్ననా? ఇన్నేండ్లు ఉంటున్నవు, అన్నున్నడని ఒక్కనాడు చెప్పలేదేంది” అంటూ ఆమె గేటు బార్లా తీసింది. వచ్చినాయన్ను పైనుంచి కింది దాకా చూసి నవ్వింది. “రాయ్యా, లోపలికి రా. తడుస్తున్నవు. పేరేంది?”

ఇదే ఆ మాట చెప్పాల్సిన చోటు. నర్సింగ్ నోరు తెరిచాడు. రామచందర్ చెప్పిన ఎంక్వయిరీ గుర్తొచ్చింది. వచ్చేవాళ్లు మొట్టమొదట అడిగేది ఈమెనే. ఈమెకు చెబితే సచిన్‌కు తెలుస్తుంది, సచిన్‌కు తెలిస్తే కాంట్రాక్టర్‌కు తెలుస్తుంది. మూడు నెలల సగం జీతం, కిరాయి, రాయికోడ్ నుంచి కూతుర్ని తెచ్చుకోవడం, అన్నీ ఆ ఒక్క పేరు మీద ఉన్నాయి. నాలుక మీదికి వచ్చిన మాట అక్కడే ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది.

రాజేశ్వర్ తమ్ముడి వైపు ఒక్కసారి చూశాడు. చూసి ఆమె వైపు తిరిగాడు.

“నర్సింగ్ అంటరమ్మా” అన్నాడు.

“నర్సింగా. కూసో, ఈ కుర్చీల కూసో. మీ తమ్ముడు బంగారమయ్యా. పది పాసైన పిలగాడు, ఒకరి జోలికి పోడు, ఒకరి మాట పడడు. పాపం పని పోయింది గానీ. నువ్వు చదువుకోలేదా మరి?”

“చదివిన్నమ్మా. పదిల తప్పిన” అన్నాడు రాజేశ్వర్.

“అయ్యో. గందుకే సేద్యం జేసుకుంటున్నవా?”

“ఆ, గందుకే.”

ఆమె సానుభూతిగా నాలుక చప్పరించి చాయ్ పెడతానని లోపలికి పోయింది. నర్సింగ్ గేటు చువ్వ పట్టుకుని నిలబడ్డాడు. పేరు వాడుకున్నాడు సరే, ఇప్పుడు తన తప్పిన పరీక్ష కూడా అన్న నెత్తిన పెట్టాడు. అది కూడా అన్నే అడక్కుండా తీసుకున్నాడు. నిలబడ్డచోటే భూమి చీలి మింగితే బాగుండునని ఆ వాడకట్టులో నర్సింగ్‌కు మొదటిసారి అనిపించింది.

“నేను చెప్తుంటి గదనే” అన్నాడు నర్సింగ్.

రాజేశ్వర్ కుర్చీలో కూర్చుని బూట్ల తాళ్లు విప్పుతున్నాడు. మడమ దగ్గర తోలు ఊడి ఎర్రగా ఉంది. “ఎంక్వయిరీకి వస్తరన్నడు గదరా సారు” అన్నాడు తల ఎత్తకుండా. “పైసలు పడనీ ముందు.”

నాగరాణి గదిలోంచి వచ్చి, బావను చూసి, కొంగు సర్దుకుని, నీళ్ల చెంబు అందించింది. తొమ్మిదేళ్ల తర్వాత బావ ఇంటికొచ్చాడన్న సంబరం ఆమె కళ్లలో కనిపించింది. ఉన్నంతలో గుడ్లు తెప్పించి కూర చేసింది. రాజేశ్వర్ ఇల్లంతా కలియజూసి, మంచిగున్నదని మెచ్చుకున్నాడు. వాన కారిన గోడ మీది మచ్చ చూసి, ఎండలు రాంగనే వచ్చి సున్నం పెడతానన్నాడు. గది సొంతదారు తమ్ముడే అయినట్టు ఆ గోడను తట్టి చూశాడు.

అన్నం ముందు కూర్చున్నాక నర్సింగ్ చేను గురించి అడగాలనుకున్నాడు. ఎన్ని ఎకరాలు పోయింది, వదినె ఏమంటున్నది, విత్తనాలకేమన్న మిగిలిందా, ఈ యాసంగికి ఏం చేస్తావు. అన్నీ నాలుక చివర ఉన్నాయి. అన్న మాత్రం ముద్ద కలుపుకుంటూ, ఆఫీసులో ఆ బటన్ల సంగతి సరిగ్గా చెప్పానా అని అడిగాడు.

“సరిగ్గనే చెప్పినవ్” అన్నాడు నర్సింగ్.

రాజేశ్వర్ తృప్తిగా తల ఊపి తినసాగాడు. తన వంటింటి కిటికీలోంచి మనోరమ, “నర్సింగ్, అన్నం తిన్నంక ఇంకో చాయ్ తాగే పో, నీకోసమే పెడుతున్న” అని కేక వేసింది.

“తాగుతనమ్మా” అన్నాడు రాజేశ్వర్.

నర్సింగ్ కంచంలోకి తల దించుకుని ఉన్నాడు. చేను గురించి అడగడానికి అతనికి మొహం చెల్లలేదు.